జమానతు సంతకం

బ్యాగు మంచం మీద నోరు తెరుచుకుని పడి ఉంది. సంతోషి ఒక్కొక్క బట్టే తీసి, రోగి పక్క మీద దుప్పటి వేసినట్టు మూలలు లోపలికి మడిచి, అరచేత్తో ముడత తీసి సర్దుతోంది. మూడున్నరేళ్లు నర్సింగ్ స్కూల్లో నేర్చిన చేయి. ఇంట్లో ఏది మడిచినా దవాఖాన పక్కలాగే కుదురుతుంది.

అనంతమ్మ గోడవారన కూర్చుని భక్ష్యాలు గుడ్డలో మూట కడుతోంది. ఉగాది రేపు. మనవరాలు పండుగకు ఉండదని ఒకరోజు ముందే పొయ్యి ముందు కూర్చుంది.

"డబ్బాల పెట్టకు అమ్మమ్మా, బరువైతది."

మూడు రోజుల ప్రయాణానికి బరువేమిటని అనంతమ్మకు నోటిదాకా వచ్చింది. మింగేసింది. బయలుదేరే మనిషిని ఎక్కడికని, ఎన్నాళ్లని అడగకూడదు. అడిగితే ఆ పని చెడుతుంది. అనంతమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట దాటలేదు. దాటలేక దాటలేక ఇంకో మాట మాత్రం అంది.

"అమాస పూట ఎవలన్న పయనమైతరా బిడ్డా?"

"తేదీ నేను పెట్టిన్నా? ఆఫీసోళ్లు పెట్టిన్రు."

"ముద్రలేసేటోళ్లకు అమాస పున్నాలు తెల్వదాయె."

"బొంబాయోళ్లకు మన అమాసతోటి ఏం పని?" అని నవ్వింది సంతోషి. నవ్వు పెదవుల దగ్గరే ఆగింది.

విషయం అనంతమ్మకు తెలిసినంత వరకు ఇది. సౌదీలో నర్సు పని కావాలంటే సర్టిఫికెట్ల మీద బొంబాయిలో ఏవో ముద్రలు పడాలి. ముద్రలు వేయించుకుని సంతోషి శనివారం సాయంత్రానికి తిరిగి వస్తుంది. బాండు ఇంకా ఎనిమిది నెలలుంది. అది తీరాకే సౌదీ మాట.

బ్యాగులోకి రెండు తెల్ల యూనిఫారాలు వెళ్లాయి. కొత్తవి, మడత విప్పనివి. నర్సు బూట్లు వెళ్లాయి. లావుపాటి పుస్తకం వెళ్లింది. అనంతమ్మ చూస్తూనే ఉంది. నీళ్ల కోసం అవతలికి వెళ్లి వచ్చేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది. దానికి వేలాడే ఫోటో లేదు. అది సంతోషి తల్లి ఫోటో, అనంతమ్మ కూతురిది. ఫోటో ఉన్నచోట సున్నం తెల్లగా, నలుచదరంగా కనబడుతోంది.

అనంతమ్మ నీళ్ల చెంబు కింద పెట్టింది. ముద్రల కోసం వెళ్లే పిల్లకు తల్లి ఫోటో ఎందుకు?

ఇంటి మీదుగా విమానం పోయింది. రేకులు గలగలలాడాయి. విమానాశ్రయం పక్క ఊరు సాతంరాయి, ఆ చప్పుడు పోయేదాకా అక్కడ ఎవరూ మాట్లాడరు. పోయాక కూడా అనంతమ్మ మాట్లాడలేదు.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. సంతోషితో కలిసి చదివిన మాధవీలత నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చింది. చేతిలో దవాఖాన ప్లాస్టర్ చుట్ట. "బ్యాగు పట్టీ తెగిందన్నవు గదనే. ఏదీ, తే," అంటూ పట్టీకి ప్లాస్టర్ చుట్టి, పళ్లతో తెంపి, బొటనవేలితో రుద్దింది. సెలైన్ సూది కదలకుండా అంటించినంత శ్రద్ధగా చేసింది ఆ పని.

సంతోషి మాధవి చేతుల వంకే చూస్తూ నిలబడింది.

ఇంటి ముందు ఆటో ఆగింది. అనంతమ్మ అలవాటుగా లోపలికి జరిగి తలుపు చాటున నిలబడింది. ముండమోసిన మనిషి పయనానికి ఎదురు రాకూడదు.

"మాధవీ, నువ్వే ఎదురు రా," అంది సంతోషి.

మాధవి వాకిట్లోకి పోయి, చెంబు నీళ్లు పట్టుకుని నవ్వుతూ ఎదురు వచ్చింది. తర్వాత తనే బ్యాగు ఎత్తింది. ఎత్తగానే భుజం ఒక పక్కకు వంగింది. ఒక్క క్షణం అలాగే నిలబడి, బ్యాగును రెండో చేతికి మార్చుకుని, ఆటో దాకా మోసుకుపోయి లోపల పెట్టింది.

"శనివారం ఆరు దాటనియ్యకే. సోమవారం నాది ఉంది. యాదుంది గదా?"

"యాదుంది," అంది సంతోషి.

ఆ రోజు అనంతమ్మ ఇల్లు ఊడవలేదు. మనిషి పోయిన వెంటనే చీపురు పట్టకూడదు.

దవాఖాన హైవే మీదే ఉంది. పైఅంతస్తులో నర్సింగ్ స్కూలు, కింద వార్డులు. అనంతమ్మ అక్కడ ఆయా. చదువు పూర్తయిన పిల్లలు ఏడాదిపాటు అదే దవాఖానలో పనిచేయాలి. దానికే బాండు అని పేరు. ఆ ఏడాది గడిచేదాకా పదో తరగతి మొదలు నర్సింగ్ దాకా అసలు సర్టిఫికెట్లన్నీ ఆఫీసు గదిలో ఇనుప బీరువాలో ఉంటాయి. ఒక్కొక్కరివి ఒక్కొక్క కవరులో, కవరు మీద ఫోటో గుచ్చి.

ఎవరికైనా ఇంటర్వ్యూకో ముద్రలకో అసలువి కావలసి వస్తే, ఇంకో పిల్ల జమానతు ఉండాలి, అంటే పూచీ పడాలి. పోయిన పిల్ల చెప్పిన రోజుకు తిరిగి రాకపోతే, ఆమె బాండులో మిగిలిన నెలలు జమానతు ఉన్న పిల్ల నెలల మీద పడతాయి. పైగా పోయిన పిల్ల వచ్చేదాకా, లేదా ఆ నెలలన్నీ తీరేదాకా, జమానతు పిల్ల కవరు బీరువా దాటదు. ఒకరు లోపలుంటేనే ఒకరు బయటికి. సంతోషికి మాధవీలత సంతకం పెట్టింది. సంతోషి శనివారం వచ్చి మాధవీలతకు పెట్టాలి.

మాధవిది బాలాపూర్. సోమవారం ఉదయం పది గంటలకు సర్కారు దవాఖాన నర్సు పోస్టులకు కాగితాలు చూస్తారు. పోస్టులు పదకొండు. పిలుపులు ముప్పైమూడు మందికి. మాధవి పేరు తొమ్మిదోది. అసలు సర్టిఫికెట్లు చేతిలో లేకపోతే పేరు పక్కకు పోతుంది, వెనకవాళ్లు ముందుకొస్తారు. సర్కారు నౌకరి వచ్చినవాళ్లను ఈ దవాఖాన బాండు పేరుతో ఆపదు. ఆపితే సర్కారుతో గొడవ. కనుక సోమవారం ఒక్కటి దాటితే మాధవికి దారి దొరికినట్టే.

ఉగాది నాడు అనంతమ్మ చిన్న కుండలో పచ్చడి పట్టుకుని డ్యూటీకి వెళ్లింది. డ్రెస్సింగ్ గదిలో మాధవి, ఇద్దరు రెండో ఏడాది పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని గాజుగుడ్డ ముక్కలు మడుస్తున్నారు. మడిచినవి డ్రమ్ములో పేర్చి ఆవిరికి పంపాలి. పెద్ద సిస్టర్ స్వరాజ్యం కిటికీ దగ్గర నిలబడి లెక్క రాసుకుంటోంది.

"మాధవక్కా, సర్కారు నౌకరి వస్తే మాకు పార్టీ ఇయ్యాలె," అంది ఒక పిల్ల.

"రానియ్యే ముందుగాల. మా బాలాపూర్ గణపతి లడ్డు లెక్క సోమవారం నన్ను గూడ వేలం పెడ్తరు. ఎవలు పాడుకుంటరో ఏమో," అంది మాధవి. పిల్లలు కిలకిల నవ్వారు.

"మరి మాకు వస్తయా సిస్టర్, నౌకర్లు?" అని ఇంకో పిల్ల స్వరాజ్యాన్ని అడిగింది. "మా బాపు రోజూ అడుగుతడు. నర్సయితే ఏమొస్తదే అని."

స్వరాజ్యం తల ఎత్తలేదు. "నడుము నొప్పి వస్తది. అది మాత్రం పక్కా," అంది. పిల్లలు మళ్లీ నవ్వారు. ఆమె నవ్వలేదు. "మేము చదివిన దినాలల్ల పరీక్ష అయిన తెల్లారి ఆర్డరు చేతిల పెట్టిన్రు. ఇప్పుడు గల్లీకొక స్కూలు. మీరు అంచు లోపలికి మడువున్రి. దారప్పోగు బయటికి కనవడొద్దు. పుండుల పడితే చీము పడతది."

అనంతమ్మ గ్లాసుల్లో పచ్చడి పోసి తలా ఇంత ఇచ్చింది. మాధవి తాగి, మూతి తుడుచుకుని, కుండలోకి తొంగి చూసింది.

"సంతోషికి జర తీసిపెట్టు అవ్వా. పండుగ పూట దాని నోట్ల చేదు పడలే."

అనంతమ్మ కుండ మీద మూత పెట్టింది. చెప్పేద్దామనుకుంది. గోడ మీద ఫోటో లేదు బిడ్డా, ఆ పిల్ల ముద్రలకు పోలేదు బిడ్డా, ఇప్పుడే పోయి సార్‌తో మాట్లాడుకో అని. గొంతు దాకా వచ్చింది. చెబితే సంతోషిని ఎక్కడో ఒకచోట ఆపుతారు. పోలీసులంటారు. పాస్‌పోర్టంటారు. తల్లి లేని పిల్ల, మూడున్నరేళ్లు రోగుల మలమూత్రాలు ఎత్తిన పిల్ల, రెక్క విప్పిన వేళ తను కాలు పట్టుకుని కిందికి లాగినట్టవుతుంది. అయినా తనకు తెలిసింది ఏముంది? ఒక ఫోటో. పిల్లకు తల్లి గుర్తొచ్చి పెట్టుకుని ఉండొచ్చు.

"తీసిపెడ్త," అంది.

ఒక గాజుగుడ్డ ముక్క చేతిలోకి తీసుకుని మడవడం మొదలుపెట్టింది. అంచు బయటికే వచ్చింది. మాధవి మాట్లాడకుండా దాన్ని అందుకుని, విప్పి, మళ్లీ మడిచింది.

శుక్రవారం సంతోషి ఫోన్ మోగలేదు. స్విచాఫ్. బొంబాయిలో సిగ్నల్ ఉండదేమో అన్నారు పిల్లలు. బొంబాయిలో సిగ్నల్ లేకపోవడమేమిటని ఎవరూ అనలేదు.

శనివారం సాయంత్రం మాధవి డ్యూటీ దిగినా హాస్టల్‌కు పోలేదు. గేటు పక్కన అరుగు మీద కూర్చుంది. ఒళ్లో దూది కట్ట. కొంచెం కొంచెం తెంపి, వేళ్ల మధ్య తిప్పి, ఉండలు చేసి గిన్నెలో వేస్తోంది. బెంగుళూరు రోడ్డు మీద ఆటో ఆగినప్పుడల్లా వేళ్లు ఆగుతున్నాయి. మళ్లీ తిరుగుతున్నాయి. అనంతమ్మ లోపలి నుంచి తుడుచుకుంటూ వచ్చి, తుడిచిన వరండానే మళ్లీ తుడిచింది.

ఆరయింది. ఆఫీసు చూసే జగన్మోహనరావు బయటికి వచ్చాడు. ఆంధ్ర నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో స్థిరపడ్డ మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవడు, ఎవరి మీదా గొంతు పెంచడు.

"ఏమ్మా మాధవీలతా, మీ స్నేహితురాలు రాలేదా?"

"బస్సు లేటయింది గావచ్చు సార్."

"సరే. ఏడింటి దాకా ఉంటాను."

ఏడున్నర దాకా ఉన్నాడు. ఆ తర్వాత గదికి తాళం వేస్తుంటే అనంతమ్మ అడ్డంగా వెళ్లి నిలబడింది.

"సారూ, నా మనుమరాలు రాకుంటే నన్ను రాసుకోండ్రి జమానతు. ఆ పిల్ల కవరు ఆ పిల్లకియ్యండ్రి. ఆ ఎనిమిది నెలలు నేను చేస్త. ఊకెనే చేస్త, జీతం వద్దు."

జగన్మోహనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడండి అనంతమ్మగారూ, ఇది నేను పెట్టిన రూలు కాదు. నర్సుకు బదులు నర్సే ఉండాలి. మీరు సూది వేయలేరు కదా. అయినా మీ అమ్మాయి వస్తుందిలెండి. రేపు ఆదివారం ఉంది. సోమవారం తొమ్మిదింటికి వచ్చినా కవరు ఇచ్చేస్తాను."

తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆయన మాటలో కోపమన్నది లేదు. కోపముంటే అనంతమ్మ కాళ్ల మీద పడి ఏడ్చి ఉండేది. చల్లటి మనిషి ముందు ఏడుపు కూడా రాలేదు.

ఇంటికి పోయి కుండ మూత తీసింది. తీసిపెట్టిన పచ్చడి పొంగి, నురగ కట్టి, పులిసిన వాసన కొట్టింది. మూత పెట్టేసింది గాని పారబోయలేదు.

ఆదివారం ఉదయం ఆఫీసు గది కడగడం అనంతమ్మ పనే. గది తాళంచెవి ఒకటి అందుకోసం స్వరాజ్యం దగ్గర ఉంటుంది. బీరువా తాళంచెవి గోడ క్యాలెండర్ వెనక మేకుకు ఉంటుందని అనంతమ్మకు ఎప్పుడో తెలుసు. పదేళ్లుగా దుమ్ము దులుపుతున్న మనిషి. ఎన్నడూ ముట్టలేదు.

బకెట్ కింద పెట్టింది. తలుపు దగ్గరికి వేసింది. ఫోటోలు చూసుకుంటూ కవర్లు ఒక్కొక్కటే పక్కకు జరిపింది. జడ ముందుకేసుకుని, నవ్వు ఆపుకుంటున్న మొహంతో మాధవి. దాని వెనక కాస్త సందు. అది సంతోషి కవరు ఉండాల్సిన చోటు. అనంతమ్మ మాధవి కవరు తీసి చీరకొంగులో చుట్టి, బీరువా వేసి, గది కడగకుండానే బయటికి వచ్చింది.

మాధవి మూడో వార్డులో ఉంది. ఒక ముసలాయన చేతికి సూది గుచ్చి ప్లాస్టర్ అంటిస్తోంది. పని అయ్యేదాకా అనంతమ్మ మంచం చివర నిలబడి, తర్వాత చేయి పట్టుకుని దుప్పట్లు ఉంచే గదిలోకి లాక్కుపోయి కొంగు విప్పింది.

"ఇగో బిడ్డా. రేపు పో. ఇటు మళ్ల రాకు."

మాధవి కవరును చూసింది. తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఏం జేసినవు అవ్వా?"

"ఏం జేసిన్నో నాకెరుక. నా పిల్ల రాదు. రాదే, నాకు పోయిన్నాడే తెలుసు! అమ్మ ఫోటో గోడ మీదికెళ్లి తీసుకపోయింది. నేను నోరిప్పలే. పయనమయ్యేటోళ్లను అడుగొద్దని ఊకున్న. అడుగుడు వద్దంటరు గని, చెప్పుడు వద్దని ఎవలన్నరు? పండుగ నాడు నా చేతుల పచ్చడి తాగినవు. గప్పుడన్న చెప్పకపోతి." కవరు మళ్లీ ముందుకు చాపింది. "తీస్కో. నన్నేమన్న చేసుకోని."

మాధవి అరలో ఒక దుప్పటి మూల జారి ఉంటే సరిచేసింది.

"ఈ కవరొక్కటే చాలదవ్వా. మాకు అభ్యంతరం లేదని సార్ రాసిచ్చిన కాయితం గూడ కావాలె. అది లేకుంటే అక్కడ కూసోనియ్యరు. నువ్వు తెచ్చినవని తెలిస్తే నీ నౌకరి పోతది. మా కిందోళ్లకు ఇగ జమానతు మీద గూడ కవర్లియ్యరు."

"మరెట్ల బిడ్డా?"

"ఎట్లేముంది. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"రాదని. సంతకం పెట్టేటప్పుడు అది నా మొకం చూడలే. గప్పుడు అనుమానం పడ్డ. బ్యాగెత్తినప్పుడు తెలిసింది. మూడు దినాల బట్టలు గంత బరువుంటయా?"

అనంతమ్మకు ఆటో దగ్గర ఒక పక్కకు వంగిన భుజం కళ్లముందు కదిలింది. చేయి మార్చుకోవడం. లోపల పెట్టడం.

"తెలిసీ మోసినవా?"

"మరేం జెయ్యాలె? దించి, విప్పి చూపియ్యాల్నా? ఆటో అన్న ముందల, నీ ముందల?" మాధవి కొంచెం నవ్వబోయింది. "దానికి వీసా వచ్చే ఉంటది, పక్కా నౌకరి. నాది పదకొండు పోస్టులల్ల ఒకటి. వస్తదో రాదో. ఇద్దరం ఆగుడు కన్న ఒక్కలన్న బయట పడని అనుకున్న. నీకు చెప్పకుంట పోయింది గూడ నిన్నడుగుతరనే. చెప్పి పోతే ఇక్కడ నిన్ను బతకనిస్తరా?"

"మరి నిన్న గేటు కాడ పొద్దుమీకిదాక ఎందుకు కూసున్నవే?"

మాధవి మొహం పక్కకు తిప్పుకుంది. అనంతమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని తన వైపుకు తిప్పింది. కళ్లు నిండి ఉన్నాయి.

"తెలుసు అవ్వా. తెలిసినా... వస్తదేమో అనుకున్న."

బయట నుంచి ముసలాయన పిలిచాడు. సెలైన్ ఎక్కడం ఆగిపోయిందంటున్నాడు. మాధవి మోచేతితో కళ్లు ఒత్తుకుంది. చేతికి తడి తగిలితే మళ్లీ కడుక్కోవాలి. "పోయి ఎక్కడిదక్కడ పెట్టిరా అవ్వా, స్వరాజ్యం సిస్టర్ వస్తది," అని చెప్పి వెళ్లిపోయింది.

అనంతమ్మ కవరును ఎక్కడిదక్కడ పెట్టింది. తాళంచెవి మేకుకు తగిలించింది. బకెట్ నీళ్లు గుమ్మరించి గదంతా కడిగింది. బీరువా కింద మూల మూలలకు చేయి పెట్టి తుడిచింది.

సోమవారం పది గంటలకు మాధవీలత మూడో వార్డులో ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతోంది. గోడ గడియారం వంక ఒక్కసారీ చూడలేదు. ఐదో మంచం దగ్గర పేషెంటు పేరు ఒకటికి రెండుసార్లు అడిగింది. పదకొండు దాటాక జగన్మోహనరావు పిలిపించి పుస్తకం ముందు పెట్టాడు. మాధవి వంగి సంతకం చేసింది. ఆమె ఎనిమిది నెలలకు ఇంకో ఎనిమిది కలిశాయి.

"మీరు మంచి అమ్మాయి. ఇకముందు ఎవరికీ జమానతు ఉండకండి," అన్నాడాయన మెల్లగా.

"ఉంటా సార్," అంది మాధవి. "మా బ్యాచి కవిత ఇంటర్వ్యూ వచ్చే నెల ఉంది."

అనంతమ్మ తలుపు బయట చీపురు పట్టుకుని ఆ మాట వింది.

ఇంటికొచ్చాక పులిసిన పచ్చడి వేపచెట్టు మొదట్లో పారబోసి కుండ కడిగి బోర్లించింది. బుధవారం నుంచి ఊడవని ఇంట్లో భక్ష్యాల పిండి రాలిన చోట చీమలు బారులు కట్టి ఉన్నాయి. మేకు కింద తెల్లటి నలుచదరం అలాగే ఉంది. అనంతమ్మ చీపురు తీసుకుని, మంచం కింద నుంచి మొదలుపెట్టి, వాకిలి దాకా ఊడ్చి, చెత్త ఎత్తి బయట పోసింది.

పదహారు నెలలు గడిచాయి. మరుసటి ఏడు శ్రావణంలో మాధవీలత తన కవరు తీసుకుని బుద్వేల్‌లో ఒక చిన్న దవాఖానలో చేరడానికి అనంతమ్మ ఇంటి నుంచే బయలుదేరింది. సర్కారు పోస్టులు ఆ మధ్య మళ్లీ పడలేదు. అనంతమ్మ తలుపు చాటుకు పోలేదు. వాకిట్లో ఎదురుగా నిలబడి, "మళ్లెప్పుడొస్తవే?" అని అడిగింది.

"అడిగినవా? ఇగ నా పనైనట్టే," అని మాధవి నవ్వింది. పై ఆదివారం అరటిపండ్లు పట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఆదివారమూ వచ్చింది.

సంతోషి రెండువేల పదమూడు ఏప్రిల్ పదిన, బుధవారం, అమావాస్య నాడు పోయింది. తిరిగి రాలేదు.